ఎర్రదారం ఎవరి చేతికి

మార్చి 6, 2006, సోమవారం. పెనుకొండ.

కాళ్ళు పీకుతున్నాయి. నాకు జ్వరం రాలేదు, జ్వరం వచ్చినవాళ్ళ మధ్య నిలబడి నిలబడి పీకుతున్నాయి. ఈ కీళ్ళ జ్వరం ఏ ముహూర్తాన బయల్దేరిందోగాని, ఊళ్ళకు ఊళ్ళే నడుము వంగిపోయి ఆస్పత్రికి వస్తున్నాయి. డాక్టరుగారు దాని పేరు చికున్ గున్యా అన్నారని జనం కోడి కూర మానేశారు. కోడి కాదు, దోమ అని చెప్పీ చెప్పీ నా నోరు ఎండిపోయింది. దోమను ఎవరూ వండుకోరు కాబట్టి ఇంక మానేదేముంది అనుకుంటున్నట్టున్నారు.

పన్నెండు మంచాల ట్రస్టు ఆస్పత్రికి రోజూ గేటు దాటి రోడ్డు దాకా జనం. డాక్టరు ఒక్కరే, రాజశేఖర్ గారు. రెండో నర్సు తనే జ్వరం తెచ్చుకుని ఊరికి పోయింది. మిగిలింది నేను, గేటు దగ్గర ఆంజనప్ప.

ఆంజనప్ప లెక్క ఆంజనప్పది. ఆయన వరుస రోగాన్ని బట్టి ఉండదు, బస్సును బట్టి ఉంటుంది. "రొద్దం వాళ్ళు ముందుకు రండప్పా, మీ బస్సు వచ్చే టైమాయె! గుడిబండ వాళ్ళు ఆ నీడకు పోండి, మీది ఇంగా శానా సేపుండాది!" నేను చేరినప్పటి నుంచీ ఇదే పాట. జనానికీ ఇదే అలవాటు. బస్సు తప్పితే మళ్ళీ సాయంత్రం దాకా లేదు, ఆ బాధ నాకూ తెలుసు, నాదీ గుడిబండే.

కానీ పెనుకొండ ఊళ్ళో వాళ్ళకు ఏ బస్సూ లేదు. కాబట్టి వాళ్ళు అందరికంటే చివర. ఇవాళ సంజీవప్ప అనే ముసలాయన, పక్క వీధి ఆయనే, పొద్దున వచ్చి మధ్యాహ్నం దాకా గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నేను చూసేసరికి మాట ముద్దముద్దగా వస్తోంది, ఒళ్ళంతా చెమట. షుగరు పడిపోయింది. గ్లూకోజు ఎక్కిస్తే లేచి కూర్చుని మొట్టమొదట అడిగిన మాట, "నా వంతు వచ్చిందా మేడమ్?"

వంతట వంతు. ఇంకాసేపు చూడకపోతే పైలోకంలో వచ్చేది.

మార్చి 8, బుధవారం

డాక్టరుగారితో చెప్పేశాను. "వరుస బస్సును బట్టి కాదు సార్, మనిషిని బట్టి ఉండాలి."

ఆయన చీటీ రాస్తూనే, "వరుసలో ఉన్నవాళ్ళ రోగం ఎవరు చూస్తారు?" అన్నారు.

"నేను చూస్తాను. నాడి, ఊపిరి, కంటి రెప్ప, ఒక ప్రశ్న. మనిషికి నిమిషం చాలు. ఎవరు ఆగగలరో, ఎవరు ఆగలేరో తెలిసిపోతుంది." హిందూపురం నర్సింగ్ హోమ్‌లో పని నేర్చుకున్నప్పుడు ఎమర్జెన్సీలో చేసింది అదే కదా.

అప్పుడు తల ఎత్తారు. "చెయ్యి. కానీ గలాటా అయితే నీదే భారం."

గలాటా కాకూడదంటే ఎవరికీ తెలియకూడదు. నీది పెద్ద జబ్బు, నీది చిన్న జబ్బు అని మొహం మీద చెబితే, చిన్నది అన్నవాడు కొట్టడానికి వస్తాడు, పెద్దది అన్నవాడు అక్కడే కూలబడతాడు. ఏదో ఒక గుర్తు పెట్టాలి. నాకూ డాక్టరుగారికీ తెలిస్తే చాలు. చీటీలిస్తే పారేస్తారు, లేదా పిల్లలు నమిలేస్తారు.

మార్చి 12, ఆదివారం. ధర్మవరం.

చర్చి కాగానే బస్సెక్కి మంజులక్క దగ్గరికి వచ్చాను. అక్క ఒక మగ్గం ఇంట్లో కండెలు చుడుతుంది. వాళ్ళ గుంట మగ్గం పక్కన తెగిన పట్టు దారాలు కుప్పగా ఉంటాయి. ఎరుపు, పసుపు, పచ్చ ఏరుకున్నాను. ఆగలేనివాళ్ళకు ఎరుపు, కొంచెం ఆగగలిగినవాళ్ళకు పసుపు, మాత్రలిచ్చి పంపినా పరవాలేదన్న వాళ్ళకు పచ్చ.

"పట్టు ముడి నిలవదే, జారిపోతాది. రెండు ముళ్ళు ఎయ్యి" అంది అక్క. తర్వాత పెళ్ళి మాట ఎత్తింది. నేను బస్సు మాట ఎత్తాను.

మార్చి 14, మంగళవారం

పని చేస్తోంది! వరుస వెంట నడుస్తూ చేయి పట్టుకుని చూసి దారం కడుతున్నాను. ఎర్రదారం వాళ్ళు పోయి తలుపు దగ్గర బల్ల మీద కూర్చుంటారు. ఆంజనప్ప వాళ్ళను ముందు లోపలికి వదులుతాడు. డాక్టరుగారు చూడడం అయ్యాక దారం కత్తిరించి ట్రేలో వేస్తారు.

ఆంజనప్ప మొహం మాత్రం మాడిన రొట్టెలా ఉంది. "బస్సుకు రంగులు తెల్దు మేడమ్, టైమే తెల్సు" అన్నాడు. అననీ.

ఇది ఏం దారం అని జనం అడుగుతున్నారు. "కట్టుకోండి, మంచిది" అంటున్నాను. దర్గాలో మంత్రించిన దారం అని కొందరు అనుకున్నారు. ఒక అవ్వ కళ్ళకద్దుకుంది. నేను అవుననలేదు, కాదనలేదు. ఎవరికీ కీడు లేని మాటే కదా.

మార్చి 16, గురువారం

ఎర్రవి ఐదు కట్టాను. ట్రేలో ఎర్రవి ఐదు ఉన్నాయి. సరిపోయింది. నన్ను నేనే మెచ్చుకుని సాయంత్రం జిలేబీ తిన్నాను.

మార్చి 17, శుక్రవారం

ఈరోజు ఏమీ రాయను.

మార్చి 18, శనివారం

రాయకపోతే తల పగిలిపోయేలా ఉంది.

నిన్న పొద్దున వరుసలో ఒక అత్తాకోడళ్ళు నిలబడ్డారు. రొద్దం అవతల పల్లె, గొర్రెల కాపరులు. అత్త పేరు శంకరమ్మ. మోకాళ్ళు పట్టేశాయి, ఒళ్ళు కాలిపోతోంది, అబ్బా అమ్మా అంటోంది. అందరిలాంటి కీళ్ళ జ్వరమే. పచ్చదారం కట్టాను. వెనకాల కోడలు, వెన్నెల. ఇరవై ఏళ్ళు కూడా ఉండవు. మొగుడు గొర్రెలు తోలుకుని వలస పోయాడట. ఏమమ్మా అంటే భుజం నొప్పి అంది. ఈ నెలలో పెనుకొండలో భుజం నొప్పి లేనివాళ్ళు ఎవరు?

కానీ చేయి పట్టుకుంటే జ్వరం లేదు. చేయి చల్లగా ఉంది. నాడి నా వేళ్ళ కింద పరుగులు పెడుతోంది. కంటి కింది రెప్ప లాగి చూశాను, సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. నెల తప్పిందా అని మెల్లగా అడిగాను. అత్త వైపు చూసింది. ఆ చూపుకే ఎర్రదారం కట్టాను. పోయి బల్ల మీద కూర్చో, ముందు నిన్నే చూస్తారు అన్నాను. తల ఊపింది. నేను ముందుకు పోయాను, ఇంకా రోడ్డు దాకా జనం ఉన్నారు.

ట్రేలో చూసుకున్నాను కూడా. కట్టిన ఎర్రదారాలన్నీ వచ్చాయి. ఒక్కటి కూడా తక్కువ లేదు.

ఎండ ముదిరాక గేటు దగ్గర బస్సు హారను మోత. రొద్దం బస్సు. బస్టాండు నుంచి బయల్దేరిన బస్సు జనంతో సహా వెనక్కి తిరిగి మా సందులోకి వచ్చేసింది. కండక్టరు, ఇంకో ఇద్దరు కలిసి వెన్నెలను దించుతున్నారు. బస్సులో పడిపోయిందట. స్పృహ ఉండీ లేనట్టు ఉంది. చేయి పట్టుకున్నాను.

ఆ చేతికి పచ్చదారం ఉంది.

నేను కట్టింది ఎర్రది. నాకు తెలుసు, నేను కట్టింది ఎర్రదే.

గర్భం గొట్టంలో నిలిచి అక్కడే పగిలింది. కడుపు నిండా రక్తం. ఆ భుజం నొప్పి కూడా దాని వల్లే. రెండు చేతులకూ సెలైను పెట్టి జీపులో పడుకోబెట్టి డాక్టరుగారే హిందూపురం తీసుకుపోయారు. శంకరమ్మ జీపు వెనక కూర్చుని ఎవరెవరి దేవుళ్ళనో పిలుస్తూ పోయింది. నేను ఇక్కడే ఉండి మిగిలిన వరుసకు మాత్రలిచ్చాను.

సాయంత్రం డాక్టరుగారు వచ్చారు. "ఆపరేషన్‌కి తీసుకున్నారు. రక్తం దొరకాలి, చూద్దాం." చేతులు కడుక్కున్నారు. తువాలుతో తుడుచుకుంటూ, "అరుణా, ఎర్రదారంతో నా ముందుకొచ్చింది ఆ ముసలమ్మ. ఆమె మోకాళ్ళు చూసి ఇంజక్షన్ రాశాను" అన్నారు.

తిట్టి ఉంటే బాగుండేది.

మార్చి 19, ఆదివారం

చర్చికి పోలేదు, తలనొప్పి. హిందూపురం ఫోన్ చేద్దామని ఎస్టీడీ బూత్ దాకా పోయాను. మూసేసి ఉంది. డాక్టరుగారికి కూడా జ్వరం తగిలిందని, మంచం మీద నుంచి లేవడం లేదని ఆంజనప్ప చెప్పాడు. మనిషికి ఒంట్లో బాగాలేనప్పుడు ఇంటికి పోయి ఆ అమ్మాయి సంగతి అడగడం పద్ధతి కాదు.

మార్చి 20, సోమవారం

వారం పాటు ధర్మవరం నుంచి ఒక పెద్ద డాక్టరు పూటకు వచ్చి పోతారు. దారాలు ఇంటికి తెచ్చి ట్రంకు పెట్టె అడుగున పడేశాను. బస్సు లెక్కా లేదు, రంగు లెక్కా లేదు. ముందు వచ్చినవాళ్ళు ముందు. వరుస అంటే వరుసే. ఇందులో ఎవరినీ తప్పు పట్టడానికి లేదు, అందరికీ ఒకే న్యాయం. నేను బల్ల దగ్గర కూర్చుని మాత్రలు లెక్కపెట్టి ఇస్తున్నాను. ఎవరి చేయీ పట్టుకోవడం లేదు. చాలా టైము కలిసి వస్తోంది.

బూత్ తెరిచే ఉంది. జనం ఉన్నారు.

మార్చి 21, మంగళవారం

బూత్ ఖాళీగా ఉంది. నా దగ్గర ఆ ఆస్పత్రి నంబరు లేదు.

మార్చి 22, బుధవారం

నంబరు ఆంజనప్ప సంపాదించి తెచ్చిచ్చాడు. అడగకుండానే. రేపు చేస్తాను.

మార్చి 23, గురువారం

మంజులక్క ఆస్పత్రికే ఫోన్ చేసింది. ధర్మవరంలో ఒక బడి హాస్టలుకు నర్సు కావాలట. పిల్లలకు వచ్చేది గజ్జి, జలుబు, మోకాలి దెబ్బలు. ఎవరు ముందు, ఎవరు వెనక అన్న బాధే లేదు, అందరికీ ఒకే సీసాలో మందు. నెలాఖరుకు వస్తానని చెప్పేశాను. అక్క దగ్గర ఉన్నట్టూ ఉంటుంది. ఇది పారిపోవడం కాదు. ఎప్పటి నుంచో అక్క పిలుస్తూనే ఉంది.

ఆంజనప్ప పక్కనే నిలబడి విన్నాడు. "పోతాండారా మేడమ్?" అన్నాడు.

"నీకు సంతోషమే కదా, మళ్ళీ బస్సుల వరుస పెట్టుకో."

ఏమీ అనలేదు. వాగుడుకాయ నోరు మూసుకుంటే వినేవాళ్ళకే కష్టంగా ఉంటుందని ఇవాళ తెలిసింది.

మార్చి 25, శనివారం

మారుతి వచ్చాడు. వెన్నెల మొగుడు. గొర్రెలను ఎవరికో అప్పజెప్పి వలస నుంచి వచ్చేశాడట. గేటు దగ్గర గొంగడి భుజాన వేసుకుని నిలబడి "దారం కట్టిన మేడమ్ యాడుండాది?" అని అడుగుతున్నాడు. కిటికీలోంచి విన్నాను.

ఆ సమయానికి మందుల గదిలో స్టాకు సర్దాల్సి వచ్చింది. తలుపు గాలికి పడుతుంటే గడియ పెట్టాను.

అతను పోయాక ఆంజనప్ప వచ్చి తలుపు కొట్టాడు. "మిమ్మల్ని హిందూపురం రమ్మన్యారు. రేపు ఆదివారం గదా, తప్పకుండా రావల్ల అని సెప్పిపోయినాడు."

"ఆ అమ్మాయి ఎలా ఉందో అడిగావా?"

"అడగల్య మేడమ్."

"ఎందుకు అడగలేదు?"

"మీరెందుకు తలుపేసుకుంటిరో, నేనూ అందుకే అడగల్య."

అతని మొహం ఎలా ఉందని అడిగాను. గడ్డం పెరిగింది అన్నాడు. గొర్రెలు కాసేవాడికి గడ్డం పెరగక ఏం పెరుగుతుంది? కొట్టడానికి పిలిచాడేమో. కొడితే కొట్టనీ. భయంగా ఉంది. ఎనిమిది రోజులుగా ఆ మాట రాయడం లేదుగాని, భయంగానే ఉంది. ఆ పిల్ల చల్లటి చేయి నా చేతిలో నుంచి పోవడం లేదు.

మార్చి 26, ఆదివారం. హిందూపురం పోయి వచ్చాను.

అన్నీ రాయాలి. వరుసగా రాయాలి.

బస్సు దిగి ఆస్పత్రి దాకా నడిచాను. లోపల కౌంటరు దగ్గర ఒక అమ్మాయి కూర్చుంది. ఫలానా పేషెంటు ఏ వార్డు అని అడిగితే చాలు. అడగలేకపోయాను. నేను రోజూ ఎంతమందికి జవాబు చెబుతానో, ఆ ప్రశ్న అడగడం ఇంత కష్టమని ఒక్కరోజూ అనుకోలేదు. వరండా చివర మెట్ల మీద శంకరమ్మ ఒంటరిగా కూర్చుని ఉంది. నన్ను చూసి లేచింది. మోకాళ్ళు పట్టుకుని, మెల్లగా.

వచ్చి నా మణికట్టు పట్టుకుంది. "ఇన్నాళ్ళు పట్టిందా మేడమ్ నీకు? రా, లోపలికి రా."

లోపల మంచం మీద వెన్నెల దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. చేతిలో అంబలి గ్లాసు. పెదవులు ఇంకా పాలిపోయే ఉన్నాయి. నన్ను చూసి లేవబోయింది, నొప్పికి మూలిగి మళ్ళీ కూర్చుంది. మారుతి గ్లాసు అందుకున్నాడు.

నేను ఏడ్చాను. వార్డులో అందరూ చూస్తుండగా ముక్కు చీదుకుంటూ ఏడ్చాను. ఒంటి మీద యూనిఫారం లేదు కదా, నేనూ ఏడవచ్చు.

కొంచెం తేరుకున్నాక అడిగాను. "దారం ఎందుకు విప్పేశావమ్మా?"

వెన్నెలకు ఆ ప్రశ్నే అర్థం కాలేదు. "అత్తను యెనక నిలబెట్టి నేనెట్ల ముందు పోయేది మేడమ్? అదీగాక మంచి దారమంటిరి. మంచిదైతే మొదట పెద్దోళ్ళకు గదా కట్టాల్సింది. ముడి బాగా జారుతాండె. ఇప్పి అత్త సేతికి కట్టి, అత్తది నేను కట్టుకుంటి. అత్తకు సూదేసేసరికి బస్సు టైమాయె, నా వంతు రాకనే పోతిమి."

ఎంత సులువు! నేను ఏ పుస్తకంలో వెతికినా దొరకదు. కోడలు అత్త కంటే ముందు అన్నం తినదు, ముందు మంచం ఎక్కదు, ముందు బస్సెక్కదు. డాక్టరు దగ్గరికి మాత్రం ముందు పోతుందని నేను అనుకున్నాను. గుడిబండలో పుట్టి పెరిగినదాన్ని, మా అమ్మ నాగమ్మ మా అవ్వ కంటే ముందు గుక్కెడు నీళ్ళు తాగడం చూడనిదాన్ని, నేను అనుకున్నాను.

శంకరమ్మ అందుకుంది. "నాకు మోకాళ్ళు పీకుతాండె. కోడలు తెచ్చి కట్టె, కట్టిచ్చుకుంటి. తాయెత్తనుకుంటి. ఇది ఆగలేని మనిసిది, ఇంగెవరూ ముట్టగూడదని ఒక్క మాట సెప్పింటే నేను దాన్ని ముట్టుకుందునా మేడమ్? నేనేమన్నా రాచ్చసినా?" అంటూనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె కూడా ఈ రోజులన్నీ నాలాగే ఉందని అప్పుడు తెలిసింది. ఇద్దరం ఒకే దారాన్ని మెడకు చుట్టుకుని తిరిగాం.

"తప్పు నాది, నీది కాదు" అన్నాను. "చెబితే గలాటా అవుతుందని చెప్పలేదు."

"సెప్తే అయ్యే గలాటా కంటే సెప్పకపోతే అయ్యేదే పెద్ద గలాటా" అన్నాడు మారుతి. కోపంగా కాదు, ఉన్నమాట అన్నట్టు. అతని మొహంలోకి అప్పుడు చూశాను. గడ్డం నిజంగానే పెరిగింది. కొట్టేవాడి మొహం కాదు. రక్తం వాళ్ళ ఊరి వాళ్ళు నలుగురు వచ్చి ఇచ్చారట, అందులో ఒకడు తనే అని చేయి చూపించాడు.

నన్నెందుకు పిలిచారని అడిగాను. "వెన్నెల మీకేందో సెప్పల్ల అంటాంది, అందుకే" అన్నాడు మారుతి.

వెన్నెల చెప్పింది. ఆ మాటలు ఉన్నవున్నట్టు రాసుకోవాలి.

"ఆ పొద్దు నాకేమాయెనో మా ఇంట్లో ఎవ్వరికీ తెల్దు మేడమ్. నాకే తెల్దు. అందరి మాదిరే నొప్పనుకుంటి. మీరు సెయ్యి పట్టుకున్యాక మీ మొగం మారె. అప్పుడు తెలిసె నాకు, ఏదో ఉండాదని. బస్సులో పడినప్పుడు అత్త ఇంటికి పోదాం, దిష్టి తీస్తా అనె. నేనే అంటి, వద్దత్తా, ఆస్పత్రికే తిప్పమను, ఆ మేడమ్‌కు తెల్సు అని. అంతే, ఇంగ నాకు గ్యానం ల్యాదు."

బస్సు ఎందుకు వెనక్కి వచ్చిందో నేను ఒక్కసారి కూడా ఆలోచించలేదు. పచ్చదారం ఒక్కటే నా కళ్ళ ముందు ఉండిపోయింది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. పట్టుగూళ్ళ మార్కెట్టు దగ్గర వాసనకు పక్కావిడ ముక్కు మూసుకుంది. నాకు ఆ వాసన కూడా బాగానే ఉంది. ఆకలి వేసింది. తొమ్మిది రోజుల తర్వాత సరైన ఆకలి.

మార్చి 27, సోమవారం

డాక్టరుగారు కర్ర ఊతంతో వచ్చారు. రోగుల నొప్పులు ఎలా ఉంటాయో ఇప్పుడు బాగా తెలిసిందట, ప్రతివాడినీ "అవునప్పా, అవును" అంటూ ఓదారుస్తున్నారు. నేను దారాలు చూపించాను. ఆయన దారాల వైపు, నా వైపు చూశారు.

"ఈసారి చెప్పి కడతాను సార్."

"గలాటా?"

"అయితే నాదే."

పోయి తలుపు దగ్గర బల్ల ఎక్కి నిలబడ్డాను. నర్సు మేడమ్ భాష నోటికి రాలేదు, గుడిబండ భాషే వచ్చింది.

"ఏమప్పా, ఏమమ్మా, అందరూ ఇనండి! ఇది తాయెత్తు కాదు. ఎర్రదారమంటే ఆగలేని పానం. పచ్చదారమంటే బయం ల్యాదు, నిదానంగా సూపిచ్చుకోవచ్చు. పసుపుది నడిమద్దెన. ఎవరి సేతికి కడితే అది వాళ్ళదే. అత్తకు ఇయ్యగూడదు, మామకు ఇయ్యగూడదు, దేవుడొచ్చి అడిగినా ఇయ్యగూడదు. మొన్న ఒక కోడలు అత్తకు ఇచ్చి సావు దాకా పోయొచ్చింది!"

ఇంక మొదలవుతుంది గలాటా అనుకున్నాను. ముందున్న ఒక అవ్వ చేయి చాపింది. చూసి పచ్చది కట్టాను. తిప్పి తిప్పి చూసుకుంది.

"అంటే నాకేం కాదా?"

"ఏం కాదవ్వా."

"నిజంగా?"

"నిజంగా. కాకపోతే కొంచెం సేపు ఆగాల్సి వస్తుంది."

"ఆగుతాలే తల్లీ! సచ్చిపోతానేమోనని రాత్రంతా నిద్ర ల్యాదు నాకు" అని పోయి చెట్టు నీడలో కాళ్ళు చాపుకుని కూర్చుంది. పక్కావిడకు దారం చూపించి "పచ్చది!" అంటోంది, బడిలో ఫస్టు వచ్చిన పిల్లలా.

నేను ఎంత తెలివితక్కువదాన్ని! పచ్చదారం కడితే కొట్టడానికి వస్తారనుకున్నాను. ఇంతమంది తోసుకునేది ముందు పోవాలని కాదు, తమకేమవుతుందో తెలియక. తెలిస్తే సగం మంది జ్వరంతోనే నవ్వుతున్నారు.

ఆంజనప్పను పిలిచి, "పచ్చదారాల వరకు వరుస నీదే, బస్సును బట్టి పెట్టుకో" అన్నాను. మనిషి మొహం వెలిగిపోయింది. వెంటనే అరిచాడు, "రొద్దం పచ్చోళ్ళు ఇట్ల రండప్పా!"

మార్చి 30, గురువారం. ఉగాది.

జనం తక్కువ. ఆంజనప్ప తెచ్చిన పచ్చడిలో బెల్లం కంటే వేపపువ్వే ఎక్కువ. హాస్టలుకు రానని మంజులక్కకు ఫోన్ చేశాను. బూత్ తెరిచే ఉంది, ఖాళీగానే ఉంది. అక్క కాసేపు తిట్టి, ఇంకాసిని ఎర్రదారాలు పంపుతానంది.

ఏప్రిల్ 8, శనివారం

శంకరమ్మ మోకాళ్ళకు, వెన్నెల కుట్లు చూపించుకోవడానికి వచ్చారు. కుట్లు బాగా మానాయి. వెన్నెలకు పచ్చదారం కడితే సిగ్గుపడుతూ నవ్వింది. శంకరమ్మ వరుస పొడుగునా నడుస్తూ జరిగిన కథ చెబుతోంది. చెప్పిన ప్రతిసారీ కథ పెరుగుతోంది. రోడ్డు దగ్గరికి చేరేసరికి కోడలు చచ్చి మళ్ళీ బతికింది, బస్సు రోడ్డు వదిలి చేలల్లో పడి వచ్చింది.

ఆ తర్వాత నాకు పరీక్ష వచ్చింది. పుల్లయ్య అనే మనిషి, నలభై ఏళ్ళుంటాయి, సోమందేపల్లి వైపు. జ్వరం, చెమట, చేతులు వణుకు, నాడి వేగంగా ఉంది. అందరిలాంటి జ్వరమేనా, ఇంకేదన్నానా? తేల్చుకోలేకపోయాను. ఎర్రది చేతిలో పట్టుకుని నిలబడిపోయాను. కడితే తప్పయితే? కట్టకపోతే?

కట్టేశాను.

అతను వెనక్కి తిరిగి తన వెనకున్న పెద్దాయనకు దారి ఇవ్వబోయాడు, "పెద్దోడివి, నువ్వు పోన్నా" అని ముడి మీద చేయి కూడా వేశాడు. అంతే, వరుస వరుసంతా ఒక్కసారి అరిచింది. "ఏయబ్బా! నీది నీకే! ఇప్పొద్దు, పో!" బెదిరిపోయి లోపలికి పరుగెత్తాడు.

కాసేపటికి డాక్టరుగారు పిలిచారు. పుల్లయ్య బల్ల మీద కూర్చుని అరటిపండు తింటున్నాడు. శనివారం ఒక్కపొద్దట. నిన్న సాయంత్రం నుంచీ ఏమీ తినకుండా జ్వరంతో ఎండలో వచ్చి నిలబడ్డాడు. మాత్రలు, రెండు అరటిపళ్ళు, అంతే వైద్యం. అతను బయటికి వస్తుంటే వరుసంతా నవ్వులు. ఒకడు "అరటిపండుకు ఎర్రదారమా మేడమ్!" అన్నాడు.

నా మొహం ఎర్రబడింది. శంకరమ్మ నా ముందుకొచ్చి నిలబడింది. "నగుకుంటా ఇంటికి పోతాండాడు గదబ్బా! నీకేం నొప్పి? అదే ఏడుసుకుంటా పోతే బాగుంటుండెనా?"

అన్నవాడు చెట్టు నీడకు జరిగాడు. నాకూ ఆ మాట సరిగ్గా అందింది. తప్పు చేశాను, ఇది రెండోసారి. ఈ తప్పు వల్ల ఒక మనిషి అరటిపండు తిన్నాడు. ఇలాంటి తప్పులు రోజుకు ఎన్నయినా చేస్తాను, నాకేం సిగ్గు లేదు. తర్వాతి మనిషి చేయి పట్టుకున్నాను.

ఏప్రిల్ 10, సోమవారం

జ్వరాలు కొంచెం తగ్గుతున్నట్టున్నాయి. రెండో నర్సు రేపటి నుంచి వస్తానంది. ఆమెకు దారాల సంగతి అంతా మొదటి నుంచి చెప్పాలి, ముఖ్యంగా నేను చేసిన తప్పు చెప్పాలి.

ఈరోజు ఎర్రవి నాలుగు కట్టాను. నాలుగూ కట్టిన చేతులతోనే లోపలికి వచ్చాయి. నాలుగోది ఒక కోడలిది, ఆయాసంతో మాట రావడం లేదు. పోనని అత్త వైపు చూస్తూ నిలబడింది. ఆ అత్త ఎవరో నాకు తెలియదు, గుడిబండ బస్సులో వచ్చిందట. కోడలి వీపు మీద చేయి వేసి తలుపు దాకా నెట్టుకొచ్చింది.

"పోవే, నా మోకాళ్ళు యాడికీ పోవు."